జాగ్రత్త: డిజిటల్ ఫోరెన్సిక్స్ కోర్సుతో వచ్చే 'రైట్ బ్లాకర్' దేన్నీ ఆపడం లేదు

కాలేజీలో మొదటి సెమిస్టర్‌కి సరిపోతుందని చెప్పి అమ్ముతున్న ఒక డిజిటల్ ఫోరెన్సిక్స్ (కంప్యూటర్లు, డిస్క్‌లలో సాక్ష్యాలు వెతికే విద్య) ప్యాకేజీ గురించి ఈ హెచ్చరిక. వీడియో పాఠాలు, ల్యాబ్ వర్క్‌బుక్, ప్రాక్టీస్ ఇమేజ్‌లు (డిస్క్‌ల పూర్తి నకళ్ళు) నింపిన 64 జీబీ పెన్‌డ్రైవ్, 'రైట్ బ్లాకర్' అని స్టిక్కర్ అంటించిన చిన్న డబ్బా. ప్యాకేజీ అంటే ఇంతే. అమ్మేవాళ్ళ పేరు ఇక్కడ అనవసరం, ఇలాంటి సరుకు స్టిక్కర్ మార్చుకుని ఇంకోచోట తేలుతుంది. లోపాలు ఎక్కడున్నాయో, రిఫండ్ గడువు దాటకముందే వాటిని ఎలా పట్టుకోవాలో తెలిస్తే చాలు.

ముందు డబ్బా సంగతి. అందులో ఉన్నది మామూలు యూఎస్‌బీ-సాటా అడాప్టర్, అంటే హార్డ్‌డిస్క్‌ని యూఎస్‌బీ పోర్ట్‌కి కలిపే పరికరం. రైట్ బ్లాకర్ చేయాల్సిన పని ఒక్కటే: కంప్యూటర్ పంపే ఆదేశాల్లో చదివేవాటిని డిస్క్ దాకా పోనిచ్చి, రాసేవాటిని దారిలోనే ఆపేయడం. అడాప్టర్ దేన్నీ ఆపదు. డిస్క్ తగిలించాక మీరు మౌస్ కూడా ముట్టుకోకపోయినా విండోస్ తనంతట తానే అందులో 'సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్' ఫోల్డర్ పెట్టేయగలదు. మ్యాక్ అయితే స్పాట్‌లైట్ ఇండెక్స్ లాంటి కంటికి కనబడని ఫోల్డర్లు పెడుతుంది. లినక్స్ మర్యాదస్తురాలు అనుకోకండి. ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) డిస్క్‌ని ఆటోమౌంట్ చేస్తే, అంటే తగిలించగానే తనంతట తానే తెరిస్తే, దాని వివరాలుండే సూపర్‌బ్లాక్‌లో చివరి మౌంట్ సమయం, మౌంట్‌ల లెక్క మారిపోతాయి. ఒక్క బిట్ మారినా మొత్తం డిస్క్ హ్యాష్ (డేటా అంతటి నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) మారుతుంది, సాక్ష్యం మీద మొదటి ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

పరీక్షకు ఒక పూట చాలు. డేటాతో పనిలేని పాత హార్డ్‌డిస్క్ తీసుకోండి, 80 జీబీ లాంటి చిన్నదైతే మేలు. ఎస్‌ఎస్‌డీ వద్దు, కారణం కింద వస్తుంది. కెయిన్ (ఫోరెన్సిక్స్ కోసం చేసిన లినక్స్) లైవ్ యూఎస్‌బీతోగానీ, కాలీ లినక్స్ ఫోరెన్సిక్ మోడ్‌లోగానీ బూట్ చేయండి, ఇవి డిస్క్‌లను వాటంతట అవి రాసే వీలుండేలా మౌంట్ చేయవు. డిస్క్ మొత్తాన్ని సున్నాలతో నింపి, ఒక ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) పార్టిషన్ చేసి, 20 ఫైళ్ళు కాపీ చేసి, అందులో 5 డిలీట్ చేయండి. అన్‌మౌంట్ చేశాక ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీయండి. పార్టిషన్‌కి కాదు, మొత్తం డిస్క్‌కి. పార్టిషన్ హ్యాష్ తీసి డిస్క్ హ్యాష్ అనుకోవడం కొత్తవాళ్ళు తరచూ చేసే పొరపాటు. వచ్చిన 64 అక్షరాలను కాగితం మీద కాకుండా ఫైల్‌లో దాచుకోండి.

ఇప్పుడు అదే డిస్క్‌ని ఆ డబ్బా ద్వారా విండోస్‌కి తగిలించి ఐదు నిమిషాలు ఊరికే వదిలేయండి. తర్వాత ఒక టెక్స్ట్ ఫైల్ సృష్టించండి, ఇంకో ఫైల్ పేరు మార్చండి, మరొకటి డిలీట్ చేయండి. తెర మీద కనిపించేదాన్ని నమ్మొద్దు. కొన్ని నిజమైన బ్లాకర్లు కూడా 'రాసేశాను' అని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పి ఊరుకుంటాయి, కొత్త ఫైల్ క్యాష్‌లో (కంప్యూటర్ తాత్కాలిక మెమరీలో) ఉండి కనిపిస్తుంది. పీకి మళ్ళీ తగిలిస్తే అది మాయం కావాలి. ఆ తర్వాత లినక్స్‌కి వచ్చి, మొదటిసారి ఏ దారిలో తగిలించారో అదే దారిలో డిస్క్‌ని తగిలించి రెండోసారి హ్యాష్ తీయండి. దారి మార్చొద్దని ఎందుకంటే, కొన్ని అడాప్టర్లు డిస్క్ సైజునే కొంచెం తేడాగా చూపిస్తాయి, అప్పుడు తప్పు ఎవరిదో తేలదు. లినక్స్ డిస్క్‌కి ఇచ్చే డివైస్ పేరు ఈసారి ఎస్‌డీబీ నుంచి ఎస్‌డీసీకి మారి ఉండొచ్చు, సీరియల్ నంబర్ చూసి గుర్తుపట్టండి.

రెండు హ్యాష్‌లు కలిస్తే డబ్బా పనిచేస్తోంది. కలవకపోతే అది వట్టి అడాప్టర్. ఇక్కడితో ఆగకండి, ఇదే తంతు బ్లాకర్ లేకుండా నేరుగా తగిలించి ఇంకోసారి నడపండి. ఈసారి హ్యాష్ మారి తీరాలి. మారకపోతే మీ పరీక్షలోనే ఎక్కడో పొరపాటుంది, డబ్బాను తిట్టడానికి లేదు.

ఇదంతా అడిగితే వర్క్‌బుక్ ఒక జవాబు సిద్ధంగా పెట్టుకుంది: విండోస్ రిజిస్ట్రీలో (సెట్టింగ్‌లు దాచే చోట) 'స్టోరేజ్ డివైస్ పాలసీస్' కింద 'రైట్ ప్రొటెక్ట్' విలువను 1 చేయమంటుంది. ఆ కిటుకు ఉంది, నేర్చుకోవాల్సిందే. కానీ అది సాఫ్ట్‌వేర్ అడ్డు. యూఎస్‌బీ స్టోరేజ్‌కి మాత్రమే వర్తిస్తుంది, మదర్‌బోర్డు సాటా పోర్ట్‌కి నేరుగా పెట్టిన డిస్క్‌ని కాపాడదు. దాన్ని చూపించి హార్డ్‌వేర్ బ్లాకర్‌కి డబ్బు తీసుకోవడం ఏ లెక్కనా కుదరదు. లినక్స్‌లో రీడ్-ఓన్లీగా మౌంట్ చేస్తే చాలన్న ఇంకో పేజీ కూడా తప్పే. ఈఎక్స్‌టీ3, ఈఎక్స్‌టీ4లలో జర్నల్ (పూర్తికాని మార్పుల పద్దు) మిగిలి ఉంటే రీడ్-ఓన్లీ మౌంట్‌లోనూ దాన్ని డిస్క్ మీద అమలు చేసేస్తుంది. 'నోలోడ్' ఆప్షన్ కూడా ఇవ్వాలి, లేదా మౌంట్‌కి ముందే బ్లాక్‌డెవ్ కమాండ్‌తో డివైస్‌నే రీడ్-ఓన్లీ చేయాలి.

వర్క్‌బుక్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన పేజీ డీడీ పాఠం. డీడీ అంటే డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసే లినక్స్ కమాండ్. కమాండ్‌లో సోర్స్ డివైస్ పేరు 'ఎస్‌డీబీ', గమ్యం 'ఎస్‌డీఏ' అని అచ్చువేసి, 'యథాతథంగా టైప్ చేయండి' అన్నారు. చాలా కంప్యూటర్లలో ఎస్‌డీఏ అంటే విద్యార్థి సొంత డిస్క్! ఆ పేజీని నమ్మి ఎంటర్ కొడితే ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా తుడిచిపెట్టుకుపోతుంది, డీడీ 'నిజంగానా?' అని అడగదు. ఏ ఇమేజింగ్‌కైనా ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో సైజు, మోడల్, సీరియల్ మూడూ చూసుకోవాలి. గమ్యం డివైస్ కాకుండా ఒక ఫైల్ కావాలి.

అదే కమాండ్‌లో ఇంకో పొరపాటు కాస్త లోతుగా దాగుంది. బ్లాక్ సైజు 1 ఎంబీ పెట్టి, పక్కన 'నోఎర్రర్, సింక్' తగిలించారు: మొదటిది ఎర్రర్ వచ్చినా ఆగొద్దని, రెండోది చదవలేని చోటును సున్నాలతో పూడ్చమని. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ మీద పెద్ద నష్టం కనిపించదు. ఒక్క సెక్టార్ (డిస్క్ మీద చదివే అతి చిన్న ముక్క) పాడైందనుకోండి, 512 బైట్లు పోవాల్సిన చోట ఆ 1 ఎంబీ బ్లాక్‌లో చదవలేకపోయిన భాగమంతా సున్నాలైపోవచ్చు. 1 ఎంబీ అంటే 2048 సెక్టార్లు, అంటే పక్కనున్న 2047 మంచి సెక్టార్ల దాకా బలి. పోనీ సింక్ తీసేద్దామా అంటే, చదవలేని ముక్క ఎగిరిపోయి ఆ తర్వాతి డేటా అంతా ముందుకు జరుగుతుంది, ఫైల్ సిస్టమ్ లెక్కలన్నీ తప్పుతాయి. పైగా డిస్క్ సైజు 1 ఎంబీకి సరిగ్గా భాగించబడకపోతే సింక్ చివరి బ్లాక్‌ని సున్నాలతో పూడ్చి ఇమేజ్‌ని సోర్స్ కంటే పెద్దది చేస్తుంది, హ్యాష్ కలవదు. పాడైన డిస్క్‌కి జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడాలి. మ్యాప్ ఫైల్ ఇస్తే ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుంటుంది. మంచి డిస్క్‌కి గైమేజర్, ఎఫ్‌టీకే ఇమేజర్ ఉన్నాయి, రెండూ ఉచితమే.

ఇక పెన్‌డ్రైవ్. దాని మీద 64 జీబీ అని ఉంది, నిజమైన కెపాసిటీ అంతకంటే చాలా తక్కువ. నకిలీ డ్రైవ్‌లు కాపీ చేసేటప్పుడు ఎర్రర్ ఇవ్వవు, హద్దు దాటాక వచ్చే డేటాను గాలికి వదిలేస్తాయి లేదా పాతదాని మీద రాస్తాయి. ఫైల్ పేరు, సైజు చక్కగా కనిపిస్తాయి, లోపల సున్నాలు. ఎఫ్3 గానీ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గానీ (కెపాసిటీ పరీక్షించే ప్రోగ్రామ్‌లు) నడిపితే తేలిపోతుంది. కానీ ఆ పరీక్ష డ్రైవ్‌లో ఖాళీ చోటంతా రాస్తుంది కాబట్టి ముందు ఉన్నవాటిని వేరేచోటికి కాపీ చేసుకోండి.

ఇమేజ్‌లతో పాటు హ్యాష్‌ల జాబితా ఇవ్వలేదు. ఇది చిన్న లోపంలా కనిపిస్తుందేమో, నిజానికి కోర్సు ప్రాణం అక్కడే పోయింది. తెరిచిన ఇమేజ్ అమ్మినవాళ్ళు తయారుచేసిందేనా, దారిలో చెడిందా అన్నది తెలుసుకునే మార్గమే లేదు. అందులో మూడు 'ఇమేజ్‌లు' అసలు ఇమేజ్‌లే కావు, ఫోల్డర్‌ని జిప్ చేసి పేరు మార్చారు. ఇమేజ్ అంటే మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా ఉన్నదున్నట్టు ఎత్తింది. అందులో కేటాయించని చోటు ఉంటుంది, డిలీట్ అయిన ఫైళ్ళ జాడ ఉంటుంది. ఫైల్‌ని బైట్లుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. మొత్తం డిస్క్ రా ఇమేజ్ అయితే మొదటి సెక్టార్ చివరి రెండు బైట్లు సాధారణంగా 55 ఏఏ. జిప్ అయితే మొదట్లోనే పీకే అనే రెండు అక్షరాలు కొట్టొచ్చినట్టు కనబడతాయి.

'మా ప్రత్యేక కేసు' అని గొప్పగా చెప్పుకున్న ఇమేజ్ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఉచితంగా పెట్టిన హ్యాకింగ్ కేస్. 2004లో దొరికినట్టు కథ అల్లిన డెల్ నోట్‌బుక్, అందులో విండోస్ ఎక్స్‌పీ. అది మంచి అభ్యాసమే, ఎన్నో తరగతుల్లో వాడతారు. ఉచితంగా దొరికేదాని హ్యాష్ పీకేసి అమ్మడమే తప్పు. పైగా దాని జవాబులు నెట్ నిండా ఉన్నాయి. డిజిటల్ కార్పొరా అనే సైట్‌లో 2009 నాటి ఎం57 కేసు కూడా ఉచితమే, పరిచయ కోర్సుకి నెలల తరబడి సరిపోయే సరుకు.

ఈ01 అనే ఇమేజ్ ఫైల్ ఫార్మాట్ దగ్గర వర్క్‌బుక్ విద్యార్థులను వృథాగా భయపెడుతుంది. ఈ01 ఫైల్‌కి నేరుగా హ్యాష్ తీసి, ఇమేజింగ్ లాగ్‌లోని హ్యాష్‌తో పోల్చమంటుంది. ఎప్పటికీ కలవదు. లాగ్‌లో ఉన్నది డిస్క్‌లోని డేటా హ్యాష్. ఈ01 ఫైల్‌లో ఆ డేటా సాధారణంగా కంప్రెస్ అయి ఉంటుంది, దానికి తోడు హెడర్, డేటా ముక్కముక్కకీ ఒక చెక్‌సమ్ ఉంటాయి. ఈడబ్ల్యూఎఫ్‌వెరిఫై గానీ ఎఫ్‌టీకే ఇమేజర్‌లో వెరిఫై గానీ వాడితే లోపలి డేటాను విప్పి పోలుస్తాయి. ఇమేజ్ ఈ01, ఈ02 అంటూ ముక్కలుగా ఉంటే అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, ఒకటి తగ్గినా వెరిఫై ఫెయిల్.

హ్యాష్‌ల పాఠంలో ఎండీ5 అనే పాత పద్ధతి ఒక్కటే ఉంది. ప్రమాదవశాత్తూ జరిగిన మార్పు పట్టుకోవడానికి అది ఇప్పటికీ చాలు. కానీ 2004లోనే ఎండీ5కి, 2017లో ఎస్‌హెచ్‌ఏ-1కి ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్ళు తయారుచేసి చూపించారు. ఈ ముక్క చెప్పకుండా, పక్కన ఎస్‌హెచ్‌ఏ-256 పెట్టకుండా పాఠం ముగించడం బద్ధకం.

జవాబుల పుస్తకంలో ఒక ఆణిముత్యం: ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోని ఫైల్‌ని నిందితుడు 'సరిగ్గా అర్ధరాత్రి 00:00:00కి చివరిసారి తెరిచాడు' అని. ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లో చివరి యాక్సెస్‌కి తేదీ మాత్రమే ఉంటుంది, గంట ఉండదు. టూల్ ఖాళీ గడిలో సున్నాలు చూపిస్తే అది అర్ధరాత్రి అయిపోయింది. ఇలాంటి జవాబు నేర్చుకుని బయటికి వెళ్ళినవాడు అమాయకుణ్ణి ఇరికించగలడు. ఫ్యాట్ సమయాలు స్థానిక కాలంలో, మార్పు సమయం 2 సెకన్ల మెట్లతో ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో), 1601 జనవరి 1 నుంచి 100 నానోసెకన్ల ముక్కలుగా లెక్కపెడుతుంది. ఆటాప్సీ అనే ఫోరెన్సిక్ టూల్‌లో డేటా సోర్స్ కలిపేటప్పుడు టైమ్ జోన్ తప్పు పెడితే టైమ్‌లైన్‌లో ఫ్యాట్ సమయాలు గంటల కొద్దీ జరిగిపోతాయి. వర్క్‌బుక్‌లో ఈ మాటే లేదు.

ప్రకటనలో 'డిలీట్ చేసిన ఏ ఫైల్ అయినా తిరిగి తెప్పించడం నేర్పుతాం' అని ఉంటే అక్కడే అనుమానించండి. విండోస్ 7 కాలం నుంచి ఎస్‌ఎస్‌డీలకు ట్రిమ్ (ఈ చోటు ఇక అక్కర్లేదని చెప్పే ఆదేశం) వెళ్తోంది. ఫైల్ డిలీట్ చేసిన కాసేపటికి ఆ చోటు చదివితే చాలా డ్రైవ్‌లలో సున్నాలే వస్తాయి. కరెంటు ఉన్నంతసేపు ఎస్‌ఎస్‌డీ తన లోపల తాను శుభ్రం చేసుకుంటూ ఉంటుంది, ముందు ఎంత మంచి బ్లాకర్ ఉన్నా దాన్ని ఆపలేదు. అందుకే పైన పరీక్షకు ఎస్‌ఎస్‌డీ వద్దన్నది. హార్డ్‌డిస్క్‌లోనూ కార్వింగ్‌కి, అంటే మొదలు, ముగింపు గుర్తులు చూసి ఫైల్‌ని వెలికితీయడానికి, హద్దులున్నాయి. జేపెగ్ ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్‌తో మొదలై ఎఫ్‌ఎఫ్ డీ9తో ముగుస్తుంది నిజమే, కానీ ఫొటో లోపల దాగున్న థంబ్‌నెయిల్‌కి కూడా సొంత ముగింపు ఉంటుంది. మొదటి ముగింపు దగ్గరే కోసేస్తే పెద్ద ఫొటో పోయి చిన్న ముక్క మిగులుతుంది.

మెమరీ (ర్యామ్) పాఠాలన్నీ వొలటిలిటీ 2 అనే టూల్‌తో ఉన్నాయి, ప్రతి కమాండ్‌కీ ప్రొఫైల్ (ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షనో చెప్పే పేరు) ఇవ్వమంటాయి. అది పైథాన్ 2 మీద నడిచేది, పైథాన్ 2కి మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ఇన్‌స్టాల్ దగ్గరే సగం మంది ఆగిపోతారు. వొలటిలిటీ 3లో ప్రొఫైల్ అక్కర్లేదు, విండోస్ సింబల్ టేబుళ్ళు దించుకోవడానికి మాత్రం మొదటిసారి ఇంటర్నెట్ కావాలి. ఫోన్ల అధ్యాయం పాత ఎన్‌క్రిప్షన్ లేని ఫోన్లకే పనికొస్తుంది, దాటేయండి. సర్టిఫికెట్ కోర్సు పూర్తిచేసినట్టు కాగితమే, వృత్తి సర్టిఫికేషన్ కాదు.

కొనకముందే అయితే అమ్మేవాళ్ళను మూడు అడగండి: ఒక నమూనా ఇమేజ్, దాని ఎస్‌హెచ్‌ఏ-256, ఇంకా బ్లాకర్ తయారీదారు పేరుతో సహా మోడల్ నంబర్. ఆ మోడల్‌కి నిస్ట్ టూల్ టెస్టింగ్ రిపోర్ట్ ఉందో లేదో మీరే వెతకొచ్చు, అవి అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఇప్పటికే కొనేసి ఉంటే, వాపసు అడిగేటప్పుడు 'పనిచేయడం లేదు' అని రాయొద్దు. డిస్క్ సీరియల్, బ్లాకర్‌కి ముందూ తర్వాతా తీసిన రెండు హ్యాష్‌లు, తీసిన సమయాలు, ఎఫ్3 చూపించిన అసలు కెపాసిటీ, జిప్ ఫైల్ మొదటి బైట్ల స్క్రీన్‌షాట్ జత చేయండి. డబ్బా స్క్రూలు మాత్రం విప్పకండి, 'మీరే పాడుచేశారు' అనడానికి అదొక్కటి చాలు.