హైటెన్షన్ లైను మన సైటు మీదుగా వస్తోందా? అభ్యంతరం ఎక్కడ చెప్పడం మేలు?

బెంగళూరు చుట్టుపక్కల హోస్కోటె, ఆనేకల్, దేవనహళ్లి వైపు మన తెలుగువాళ్లు చాలామంది సైట్లు కొనుక్కున్నారు. లేఅవుట్లు పెరిగితే సబ్‌స్టేషన్లు, వాటికి లైన్లు తప్పవు. లైనే వద్దని నేను అనను. అది ఏ దారిన వెళ్తుందన్న దగ్గర మన మాట వినిపించాలి.

అందుకు నాలుగు దారులున్నాయి: నోటీసు గడువులోనే రాసిచ్చే అభ్యంతరం, విద్యుత్ నియంత్రణ కమిషన్ విచారణ, జిల్లాధికారి అంటే డీసీ ఆఫీసు, ఆఖరికి హైకోర్టు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది చివరి రెండింటికి, అదీ టవరు గుంత తవ్వుతున్నప్పుడు. సైటు ఉన్నవాళ్లకు మొదటి దారే మేలని నా గట్టి అభిప్రాయం.

ఒక్కసారి కొలతలు చూడండి. 66 కేవీ లైను కింద సుమారు 18 మీటర్ల వెడల్పు, 220 కేవీకి 35 మీటర్లు ఖాళీగా ఉంచాలి. 18 మీటర్లంటే దాదాపు 59 అడుగులు. మన 30×40 సైటు మొత్తం అందులో మునిగిపోతుంది. భూమిని సేకరించరు, పహణీలోనో, ఖాతా అనే ఆస్తి రికార్డులోనో పేరు మనదే ఉంటుంది, ఇల్లు మాత్రం కట్టలేం. కేంద్రం 2024 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం టవరు కాళ్ల కింది స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగల కింది పట్టీకి 30 శాతం పరిహారం; నగర ప్రాంతాల్లో ఈ 30 శాతాన్ని 2025 మార్చిలో పెంచారు. రాగులు పండించే రైతు తీగల కింద కూడా సాగు చేసుకోగలడు కాబట్టి అతనికి ఆ డబ్బు కొంత ఊరట. అప్పు చేసి సైటు కొన్నవాడికి అలాంటి పరిహారంతో ఏం ఒరుగుతుంది? అందుకే అతనికి పరిహారం కన్నా రూటు ముఖ్యం.

ఫ్యాక్టరీలకు జరిగినట్టు దీనికీ ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారని చాలామంది ఎదురుచూస్తారు. పెట్టరు. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో ట్రాన్స్‌మిషన్ లైన్లు లేవు. అడవి మీదుగా వెళ్తేనే అటవీ అనుమతి కావాలి. మనకు దొరికేదల్లా పేపర్లో వచ్చే నోటీసు, అందులో ఇచ్చిన గడువు. మనవాళ్లలో కన్నడ పేపరు చదివేవాళ్లు తక్కువ, నోటీసు వచ్చిన సంగతే తెలియదు. లేఅవుట్ అసోసియేషన్లో ఒకరు ఈ పని నెత్తిన వేసుకోవాలి. రాసేటప్పుడు ‘మాకు వద్దు’ అంటే సరిపోదు. సర్వే నంబర్లు, ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను, పక్కన రోడ్డు వెంబడి వెళ్లగల దారి, మోనోపోల్ అంటే ఒంటి స్తంభం టవరు పెట్టే వీలు, ఇవన్నీ జత చేయాలి. రూటు ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి మార్చడం సులువు.

డీసీ ఆఫీసుకు వెళ్లేముందు ఒక ప్రశ్నకు జవాబు రాబట్టాలి: ఈ లైనుకు విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ కింద ఉత్తర్వు ఉందా? లేకపోతే ఆ చట్టం కింద వచ్చిన 2006 నిబంధనల ప్రకారం యజమాని సమ్మతి అడగాలి, మనం కాదంటే డీసీ తేల్చాలి. ఉంటే 1885 టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు లైను వేసే సంస్థ చేతికొస్తాయి, ముందస్తు సమ్మతి అక్కర్లేదు. 2016 డిసెంబరులో సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అప్పుడు డీసీ దగ్గర మన వాదన ఎక్కువగా పరిహారం చుట్టూనే తిరుగుతుంది. ఆ మొత్తం చాలదనిపిస్తే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు. రైతుకు ఈ దారి ఉపయోగపడుతుంది.

వసంతనగర్‌లోని కేఈఆర్‌సీ, అంటే కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్ సంగతి వేరు. కేపీటీసీఎల్ రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ సంస్థ కాబట్టి లైనుకో లైసెన్సు తీసుకోదు. టారిఫ్ విచారణలో దాని పెట్టుబడి ఖర్చుల మీద ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, కానీ నా సైటు పక్కనుంచి మళ్లించండని అడిగే చోటు కాదది. భూగర్భ కేబుల్ వేయమని అడగడానికి మాత్రం అదే సరైన వేదిక. ఓవర్‌హెడ్ లైను కన్నా దానికి ఖర్చు చాలా ఎక్కువ, ఆ భారం చివరికి అందరి బిల్లుల్లోకి వస్తుంది. ఊరంతా కట్టే డబ్బు కాబట్టి నలుగురూ వినేలా అడగడమే న్యాయం. ప్రైవేటు సంస్థ కొత్తగా లైసెన్సు అడిగితే విద్యుత్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం నోటీసు వేయాలి, అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఉంటుంది.

హైకోర్టును ఆఖరున పెట్టుకోండి. నోటీసు ఇవ్వలేదనో, ఇచ్చిన అభ్యంతరాన్ని పట్టించుకోలేదనో చూపగలిగితే వాదనకు బలం ఉంటుంది. అందుకోసమైనా మొదటి అర్జీకి రసీదు ముద్ర వేయించుకుని, ఆ కాపీని అసోసియేషన్ ఫైల్లో ఉంచాలి.