వంటింటికి సెలవిచ్చి శ్రీకాకుళంలో క్రిస్మస్

క్రిస్మస్ అంటే మా ఇళ్లలో ఆడవాళ్లకి వారం ముందు నుంచే చాకిరీ. పోకుండలు, కజ్జికాయలు, జంతికలు, ఆ రోజు ఆరాధన అవ్వగానే చుట్టాలకి బిర్యానీ. అందుకే ఈసారి విజయనగరం నుంచి మా చర్చి స్త్రీల సమాజం వాళ్లం కొందరం, మా వదినగారిని కూడా బయల్దేరదీసి, 24న శ్రీకాకుళం వెళ్లిపోయాం. పిండివంటలు కొనుక్కోమని ఇంట్లో ముందే చెప్పేశాం.

వెళ్లడానికి బస్సే మేలు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం ఉంది కాబట్టి, ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. రైలైతే ఆమదాలవలసలో దిగి మళ్లీ ఆటో వెతుక్కోవాలి.

ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి. పొద్దున్న ఎనిమిది దాటితే వేడినీళ్లు రావు. అందరి ఆధార్‌లూ తీసుకున్నాక కూడా "మగవాళ్లెవరూ రాలేదా అమ్మా?" అని కౌంటర్‌లో మళ్లీ మళ్లీ అడగడం మాత్రం బాధనిపించింది. అక్కడి వాచ్‌మన్ మంచివాడు. అర్ధరాత్రి ఆరాధన నుంచి మేం వచ్చేసరికి గేటు తీసి, మెట్ల లైటు వేసి ఉంచాడు.

శ్రీకాకుళం ఒకప్పుడు కెనడా బాప్టిస్టు మిషనరీలు పనిచేసిన ఊరు. చర్చిలో మాకు ముందు వరసల్లోనే చోటిచ్చారు. పొయ్యి మీద ఏం పెట్టొచ్చామో అన్న టెన్షన్ లేకుండా ప్రసంగం చివరిదాకా కూర్చుని విన్నాను.

పండగ పొద్దున్న హోటల్లో పూరీలు వచ్చాయి. వదినగారి చెయ్యి అలవాటుగా గరిటె మీదకే పోయింది, అందరికీ కూర వడ్డించడానికి. "మీరు ముందు తినండి వదినా" అని ప్లేటు ఆవిడ ముందుకి జరిపాను. పొంగిన పూరీని వేలితో పొడిచి, ఆవిరి పోయేదాకా చూసి, వేడివేడిగా తిన్నారు. మారు కూడా అడిగి వేయించుకున్నారు. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

తర్వాత కారు మాట్లాడుకుని శాలిహుండం వెళ్లాం. 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధక్షేత్రం. బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాలు ఇక్కడ దొరికాయి. కొండమీద నుంచి వంశధార చాలా దూరం కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లు నిదానంగా ఎక్కాలి. ఆ వంశధారే సముద్రంలో కలిసే కళింగపట్నంలో లైట్‌హౌస్, విశాలమైన తీరం ఉన్నాయి. ఒడ్డున కేక్ కోసుకుని క్యారల్స్ పాడుకున్నాం. నీళ్లలో లోపలికి దిగకండి, చీకటి పడకముందే వచ్చేయండి.

మర్నాడు టెక్కలి దగ్గర తేలినీలాపురం. ఊరి చెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతున్నాయి. ఒక్కచోటికే వెళ్లే వీలుంటే నేను ఇక్కడికే వెళ్లమంటాను. కారు రేటు మాత్రం 24నే ఖాయం చేసుకోండి. పండగ రోజు అని మా దగ్గర దారిమధ్యలో అదనంగా అడిగారు.