ఎమ్మెస్సీ నర్సింగ్ సీటు: ఇప్పుడే చేరాలా, వచ్చే ఏడాదికి ఆగాలా?

సీటేమో విజయవాడలో వచ్చింది, ఆయనకేమో హైదరాబాద్ బదిలీ అయింది, గుంటూరులో అత్తగారికి మోకాలి ఆపరేషన్ ఉంది. మాతో డ్యూటీ చేసే అమ్మాయిల్లో ఇలాంటి చిక్కు ఎవరికో ఒకరికి వస్తూనే ఉంటుంది, "అక్కా, ఈ ఏడాదికి వాయిదా వేయించుకుంటే పోలా?" అని అడుగుతుంటారు.

అమెరికాలో ఎమ్మెస్సెన్ (అక్కడి నర్సింగ్ పీజీ) సీటు వచ్చినవాళ్లు ఏడాది వెనక్కి జరపమని కాలేజీకి రాసుకోవచ్చు. అదీ కాలేజీ ఒప్పుకుంటేనే, ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లయితే ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) కూడా కొత్త తేదీలతో తీసుకోవాలి. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో వచ్చే సీటుకు ఆ సౌకర్యం లేదు, ఈ ఏటి ర్యాంకు ఈ ఏటికే. మన దగ్గర వాయిదా అంటే సీటు వదులుకుని మళ్లీ ఎంట్రన్స్ రాయడమే.

చేరితే కష్టం చిన్నది కాదు. రెండేళ్లు ఫుల్‌టైమ్, ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నవాళ్లయితే జీతం వదులుకోవాలి. 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ప్రాక్టికల్ గంటలైతే డిగ్రీ ఇచ్చేలోపు నూటికి నూరు శాతం పూర్తి కావాలి, అంటే పిల్లాడికి జ్వరమొచ్చి మానేసిన క్లినికల్ పోస్టింగ్ తర్వాతైనా చేసి తీరాల్సిందే. గుంటూరు నుంచి రోజూ వెళ్లి రావచ్చు, బస్సులకు కొదవలేదు, కానీ వారధి దాటి బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో పడి పొద్దున్నే పోస్టింగ్‌కి అందుకోవడం, సాయంత్రం ఇంటికొచ్చి వంట చేసి అసైన్‌మెంట్లు రాయడం ఒంటరిగా అయ్యే పని కాదు. రెండో ఏడు థీసిస్ కూడా ఉంటుంది. మధ్యలో మానేస్తే మిగతా ఫీజు కట్టమనే కాలేజీలున్నాయి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరుంటాయి కాబట్టి సంతకం పెట్టే ముందే ఆ షరతులు చదవండి.

మరి ఆగితే? ఇంట్లో ఉన్న ఇబ్బంది ఎప్పటికి తీరుతుందో చెప్పగలిగితే ఆగడంలో తప్పు లేదు. కాన్పు దగ్గర పడింది, బిడ్డకు ఏడాది నిండాక అమ్మ చూసుకుంటానంది, అలాంటప్పుడు నేనే ఆగమంటాను. మోకాలి ఆపరేషన్‌కి మాత్రం ఏడాది వదులుకోవద్దు, కొన్ని నెలల్లో మనిషి తన పని తను చేసుకుంటుంది. మామగారికి డయాలసిస్ నడుస్తోంది, లేదా పక్షవాతంతో మంచంలో ఉన్నారు అంటే ఇంకో లెక్క. వచ్చే ఏడాది కౌన్సెలింగ్ నాటికీ ఇంట్లో పరిస్థితి ఇదే, అప్పుడూ ఆగమనే అంటారు. ఇలా ఆగి ఆగి బీఎస్సీతోనే ఉండిపోయినవాళ్లలో బాగా చదివేవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఊరు మారడం దగ్గర ఇంకో మెలిక ఉంది. వెళ్లేది విశాఖకైతే నష్టం తక్కువ, గుంటూరు, కృష్ణా, విశాఖ అన్నీ ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ఏరియాలోవే (సీట్లలో స్థానికుల వాటా లెక్కేసే ప్రాంతం), వచ్చే ఏడాది కూడా మీరు స్థానికులే. హైదరాబాద్ వెళ్లి అక్కడ రాద్దామనుకుంటే మాత్రం అక్కడ సీట్లలో పెద్ద వాటా వాళ్ల స్థానికులది, పైగా పని చేయాలంటే తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చేతిలో విజయవాడ సీటు పెట్టుకుని దాన్ని వదిలి హైదరాబాద్‌లో వెతుక్కోవడం నాకు అన్నిటికంటే నష్టం అనిపిస్తుంది. ఆయన ముందు వెళ్లి, సెలవులకు వస్తూ పోతూ ఉంటే రెండేళ్లు గడుస్తాయి, మగవాళ్లు దుబాయ్ వెళ్తే ఆడవాళ్లు ఇల్లు నెట్టుకురావడం లేదా?

ఆగాలనే నిర్ణయించుకుంటే వార్డు మాత్రం వదలకండి. పీడియాట్రిక్స్ తీసుకోవాలనుంటే ఆ వార్డులోనే డ్యూటీ అడగండి, ఎంట్రన్స్‌కి రోజూ కొంచెమైనా చదవండి.

చేరాలనుకుంటే రిపోర్టింగ్ చివరి తేదీలోపే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి తేల్చుకోవాలి: ఆపరేషనయ్యాక ఆడపడుచు నెల రోజులు వచ్చి ఉంటుందా, పిల్లల్ని బడి నుంచి ఎవరు తెస్తారు, రాత్రి వంట ఎవరిది. "చూద్దాంలే" అంటే ఒప్పుకోకండి, పేరు చెప్పించండి.