కంపెనీ పెట్టెను కదపకుండానే ఇల్లంతా వైఫై: టీపీ-లింక్ ఆర్చర్ సీ6 సమీక్ష

కోనసీమలో పాత మండువా ఇళ్లున్నవారి దగ్గర ఫైబర్ నెట్ వచ్చినప్పటి నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. వీధి గదిలో సినిమా ఎక్కడా ఆగకుండా నడుస్తుంది, వంటింట్లోకి వెళ్తే వీడియో కాల్ తెగిపోతుంది. దీనికి చాలామంది చేసే మొదటి పని ప్లాన్ పెంచుకోవడం. 100 ఎంబీపీఎస్‌ను 200 చేయించినా వంటింటి పరిస్థితి మారదు, ఎందుకంటే అక్కడ తక్కువైంది వీధిలోంచి వచ్చే వేగం కాదు, గోడలు దాటి రావలసిన సిగ్నల్. రాజోలు దగ్గర పల్లెలో ఉన్న మా ఇంటి కోసం టీపీ-లింక్ వారి ఆర్చర్ సీ6 రౌటరు కొని, కంపెనీ ఇచ్చిన పెట్టెను తీసేయకుండా దానికి తోడుగా పెట్టాము. ఒక వేసవి, ఒక వానకాలం గడిచాక రాస్తున్న సమీక్ష ఇది.

కేబుల్ ఆపరేటరు గోడకు బిగించి వెళ్లే పెట్టెలో నిజానికి రెండు యంత్రాలుంటాయి. ఫైబర్ తీగలో వచ్చే కాంతిని మన పరికరాలకు అర్థమయ్యే సంకేతంగా మార్చే ఓఎన్‌టీ ఒకటి, దాన్ని ఇంట్లోని ఫోన్లకు, టీవీలకు పంచే వైఫై రౌటరు రెండోది. మొదటి పనిలో దానికి వంక పెట్టనక్కర్లేదు. ఇబ్బందంతా రెండో పనిలోనే. చౌకరకం పెట్టెల్లో వేగం తక్కువగా ఉండే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఉంటుంది, వేగమైన 5 గిగాహెర్ట్జ్ ఉండదు, పైగా పెట్టెను ఎక్కడ బిగించాలన్నది ఇంటికి నడుమ ఎక్కడ అని ఆలోచించి కాకుండా, కరెంటు స్తంభం మీద నుంచి వచ్చే తీగ ఏ కిటికీకి సులువుగా అందుతుందో చూసి తేల్చేస్తారు. మా ఇంట్లో అది వీధి గదిలో టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన చేరింది. ఇనుము వైఫై తరంగాలను దాటనివ్వదు, ఆ వెనక ఉన్నది అడుగున్నర మందాన ఇటుక, సున్నంతో కట్టిన గోడ. అలాంటి గోడలు రెండు దాటేసరికి సిగ్నల్‌లో మిగిలేది అంతంతమాత్రమే.

అలాగని ఆ పెట్టెను పూర్తిగా మార్చేయాలనుకోవడం తొందరపాటు. ఓఎన్‌టీ సీరియల్ నంబరు కంపెనీ వారి యంత్రంలో నమోదై ఉంటేనే తీగ పని చేస్తుంది కనుక, బజారులో ఇంకొకటి కొని తగిలిస్తే సరిపోదు, వారు దాన్ని ఒప్పుకుని నమోదు చేయాలి. ల్యాండ్‌లైన్ ఫోను ఆ పెట్టెకే తగిలించి ఉంటే అది కూడా ఆగిపోతుంది. పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటరు పని మానేసి నెట్‌ను ఉన్నదున్నట్టు దాటించేలా పెట్టించుకుని లాగిన్ వివరాలను సొంత రౌటరులో నింపుకునే పద్ధతి ఉంది, అది శుభ్రమైన పద్ధతే. కాని మా ఆపరేటరును అడిగితే ‘మీకు వైఫై వస్తోంది కదండీ, ఇంకెందుకండీ’ అన్నారే తప్ప ఆ పాస్‌వర్డు మాత్రం చెప్పలేదు. అందువల్ల ఓఎన్‌టీ పనిని దానికే వదిలి, వైఫై పనిని మాత్రం దాని చేతుల్లోంచి తీసేసుకోవడం మంచిదనిపించింది.

తక్కువ ఖర్చులో తెమిలిపోతుందని అమ్మే రిపీటర్లను నేను ఎవరికీ సిఫారసు చేయను. సాకెట్లో గుచ్చే ఆ చిన్న పరికరం ఒకే రేడియోతో ఇటు విని అటు చెప్పవలసి వచ్చినప్పుడు వేగం సుమారు సగానికి పడిపోతుంది, అది విన్నదే బలహీనమైన సిగ్నల్ అయితే ఆ బలహీనతనే ముందుకు పంపుతుంది. రెండు పెట్టెలు కలిసి ఒకే వైఫైగా పని చేసే మెష్ సెట్లు అంతకంటే మేలైనవే. కాని వాటి రెండు పెట్టెలూ మా గోడల గుండానే గాలిలో మాట్లాడుకోవాలి, ఆ గోడలతోనే కదా తగవు. ఎలాగూ తీగ లాగవలసి వచ్చినప్పుడు ఒక్క మామూలు రౌటరు చాలు.

ఆర్చర్ సీ6 అలాంటి మామూలు రౌటరే. ఏసీ1200 తరగతి, అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867 ఎంబీపీఎస్ దాకా అని డబ్బా మీద రాసి ఉంటుంది. అవి కాగితం మీది అంకెలు, ఏ ఫోనులోనూ అంత కనిపించదు. దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం తీగ తగిలించే పోర్టులన్నీ గిగాబిట్‌వి, అంటే 1000 ఎంబీపీఎస్‌వి కావడం, యాక్సెస్ పాయింట్‌గా, అంటే మిగతా పనులు వేరే పెట్టెకు వదిలి వైఫై పంచడం మాత్రమే చేసే పరికరంగా పని చేసే వీలు ఉండటం. ఇంతకంటే చౌకగా దొరికే రౌటర్లలో పోర్టులు 100 దగ్గరే ఆగిపోతాయి, అలాంటి పోర్టులోంచి నిజంగా చేతికందేది 94, 95 ఎంబీపీఎస్. 100 ప్లాను ఉన్నవారికి దానితో పెద్ద తేడా పడదు కాని, రేపు ప్లాను పెంచుకుంటే రౌటరే అడ్డుపడుతుంది. ఇది వైఫై 5 తరానిది, వైఫై 6 కాదు, యూఎస్‌బీ పోర్టు కూడా లేదు. ఇంట్లో పాతిక ముప్పై పరికరాలున్నవారు, 300 దాటిన ప్లాను తీసుకున్నవారు కాస్త ఎక్కువ పెట్టి వైఫై 6 రౌటరు కొనుక్కోవడమే న్యాయం.

నా ఉద్దేశంలో ఈ మొత్తం ఏర్పాటులో రౌటరు కంటే ముఖ్యమైనది తీగ. అమలాపురంలో మేము కొన్న దుకాణంలో క్యాట్-6 రకం నెట్ కేబుల్‌ను మీటర్ల లెక్కన కోసి, రెండు చివరలా ప్లగ్గులు బిగించి ఇచ్చారు. బజారులో తక్కువ ధరకు దొరికే కేబుల్ చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత వేసినది. లోపలి పోగును బ్లేడుతో గీరితే పూత లేచి తెల్లగా బయటపడుతుంది. సముద్రపు గాలి తగిలే మా ప్రాంతంలో పూత లేచిన చోట పోగు త్వరగా పాడవుతుంది, కనుక గీరి చూపించమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ప్లగ్గులు బిగించాక ఆ అబ్బాయి టెస్టరుకు తగిలిస్తే ఎనిమిది దీపాల్లో ఏడోది వెలగలేదు. ఇలాంటి చోట కొందరు ‘నెట్ వస్తుంది లెండి’ అని పంపేస్తారు, రావడం కూడా నిజమే. ఒకటి, రెండు, మూడు, ఆరు నంబర్ల పోగులు కలిస్తే 100 ఎంబీపీఎస్ నడుస్తుంది, గిగాబిట్ నడవాలంటే మాత్రం ఎనిమిదీ కలవాలి. ఈ అబ్బాయి మారుమాట లేకుండా ప్లగ్గు కత్తిరించి, పోగులను మళ్లీ రంగుల వరసలో పేర్చి, కొత్త ప్లగ్గు బిగించి, ఎనిమిది దీపాలూ వరసగా వెలిగాకే చేతికిచ్చాడు. ఆ దుకాణానికి మళ్లీ వెళ్లడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

తీగను వీధి గది నుంచి దూలం వెంబడి మండువా దాకా తీసుకువెళ్లి, వాన జల్లు తగలని ఎత్తులో చూరు లోపల రౌటరును బిగించాము. మండువా ఇంటికి ఇక్కడ ఒక అనుకూలం ఉంది. నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న జాగా కనుక, చుట్టూ ఉన్న వసారాలకు, వాటిలోకి తెరుచుకునే గదుల గుమ్మాలకు సిగ్నల్ నేరుగా అందుతుంది, ఏ గదికైనా దాటవలసింది మహా అయితే ఒక గోడ. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడల దగ్గర 2.4 కంటే త్వరగా నీరసపడతాయి కాబట్టి ఈ చోటు విలువ మరీ ఎక్కువ.

సెట్టింగుల పని పెద్దది కాదు. రౌటరులో ఆపరేషన్ మోడ్ అన్నచోట యాక్సెస్ పాయింట్ ఎంచుకుంటే ఫోన్లకు నెట్‌వర్కులో గుర్తింపు నంబర్లైన ఐపీ చిరునామాలు పంచే పనిని అది కంపెనీ పెట్టెకే వదిలేస్తుంది. ఇలా మార్చకపోతే ఇంట్లో రెండు నెట్‌వర్కులు ఏర్పడి, వీధి గదిలోని టీవీకి లోపలి ఫోను కనిపించకపోవడం లాంటి చిక్కులు వస్తాయి. మార్చిన తర్వాత రౌటరు పాత చిరునామా 192.168.0.1 పలకదు. దాని కొత్త చిరునామా కంపెనీ పెట్టె ఇచ్చినది కనుక ఆ పెట్టె జాబితాలో వెతుక్కోవాలి, లేదా టీపీ-లింక్ వారి టెథర్ యాప్ వాడుకోవచ్చు. ఆపైన కంపెనీ పెట్టెలో వైఫైని ఆపేశాము, టీవీకి దాని నుంచే తీగ ఇచ్చాము. రెండు వైఫైలూ ఉంచుకునేవారు అవి ఒకదానికొకటి అడ్డురాకుండా 2.4లో ఒకదానికి 1, ఇంకోదానికి 11 చానెల్ పెట్టుకోవాలి. ఫోన్లకు మాత్రం ఒకసారి పట్టిన సిగ్నల్‌ను అది సన్నబడినా వదలని మొండితనం ఉంది, అందుకే మేము ఒక్కదానితో సరిపెట్టుకున్నాము. కంపెనీ వారు దూరం నుంచే తమ పెట్టెలను సరిచేసుకోగలరు, అలా సరిచేసినప్పుడు ఆపిన వైఫై మళ్లీ తెరుచుకోవచ్చు. మాకు అలా జరిగింది కూడా.

ఫలితం గురించి చెప్పాలంటే, ఇదివరకు ఐదారు ఎంబీపీఎస్ వచ్చే వంటింట్లో ఇప్పుడు 5 గిగాహెర్ట్జ్ మీద 80కి తగ్గడం లేదు, వసారాల్లో ప్లాను వేగం పూర్తిగా వస్తోంది. హైదరాబాదు కంపెనీలో పని చేసే మా తమ్ముడు పండక్కి వచ్చినప్పుడు మీటింగు కోసం వీధి అరుగు మీదికి పరుగెత్తడం మానేశాడు. పెరటి కొబ్బరి చెట్ల దాకా మాత్రం 2.4 ఒక్కటే అందుతోంది, అది కూడా సందేశాలకే. దొడ్లో పాకకో చేపల చెరువు గట్టు మీది కెమెరాకో నెట్ కావాలంటే ఈ రౌటరు నుంచి ఆశించకూడదు. అంత దూరం రాగి కేబుల్‌ను ఆరుబయట లాగడం కూడా మంచిది కాదు, ఉరుములు మెరుపుల కాలంలో పిడుగు దగ్గర్లో పడితే ఆ తీగ వెంట వచ్చే విద్యుత్తు రెండు వైపుల పెట్టెలనూ కాల్చేస్తుంది. లోహపు తీగ కలవని ఫైబర్ లాగి, రెండు చివరలా ఫైబర్ కాంతిని, మామూలు నెట్ తీగ సంకేతాన్ని ఒకదాన్నొకటిగా మార్చే మీడియా కన్వర్టర్లు పెట్టించుకోవడం క్షేమం.

ఖర్చులో ఇంకొకటి కలుపుకోవాలి. ఇప్పుడు నెట్ రెండు పెట్టెల మీద నడుస్తుంది గనుక, కరెంటు పోయినప్పుడు కంపెనీ పెట్టెకు ఒక్కదానికే చిన్న యూపీఎస్ ఉంటే లాభం లేదు, రెండింటికీ ఉండాలి. కొనే ముందు రెండు అడాప్టర్ల మీదా రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చదువుకుని, వాటికి సరిపడే యూపీఎస్‌నే అడగాలి. ఇన్వర్టరు ఉన్న ఇళ్లవారికి ఈ బెడద లేదు, రెండు సాకెట్లూ ఇన్వర్టరు లైనులో ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియనుతో ఒకసారి చూపించుకుంటే చాలు.