పెద్ద ఫైల్ పెడితే క్రాష్: కోర్ డంపా, వాల్‌గ్రైండా, శానిటైజరా, ఏది మేలు?

ఋషికొండలో మా ఆఫీసులో డిస్క్ స్పీడ్ కొలవడానికి సీ లో రాసుకున్న టూల్ ఒకటుంది, ఫైల్‌ని ఎమ్‌మ్యాప్ చేసి (మెమరీలో ఉన్నట్టే చదివేలా జోడించి) 4096 బైట్ల బ్లాకులుగా చదువుకుంటూ పోతుంది. మొన్న టీమ్‌లో కొత్తగా చేరిన శ్రీకాకుళం కుర్రాడు వచ్చి "అన్నా, 2 జీబీ దాకా బాగానే వెళ్తంది, 3 జీబీ పెడితే చాలు సెగ్‌ఫాల్ట్ కొట్టేస్తంది, ర్యామ్ సరిపోట్లేదేటో" అన్నాడు. సెగ్‌ఫాల్ట్ అంటే ప్రోగ్రామ్ తనది కాని మెమరీ చోటు ముట్టుకుని ఆగిపోవడం. ర్యామ్ కాదు, 2 జీబీ దాటాక క్రాష్ అంటే ముందు ఇంట్ (సీ లో మామూలు పూర్ణాంకాల టైప్) మీదే అనుమానం పడాలి, దాంట్లో పట్టే పెద్ద అంకె 2147483647 కాబట్టి.

క్రాష్ మళ్ళీ తెప్పించడానికి నిజం ఫైల్ రాస్తూ కూర్చోకండి, ట్రంకేట్ కమాండ్‌తో 3 జీబీ స్పార్స్ ఫైల్ (సైజే తప్ప లోపల డేటా లేనిది) క్షణంలో తయారవుతుంది, డిస్క్‌లో చోటు కూడా దాదాపు తినదు.

నేనైతే ముందు కోర్ డంపే చూస్తాను, అంటే క్రాష్ అయిన క్షణంలో ప్రోగ్రామ్ మెమరీని దాచిపెట్టిన ఫైల్. యూలిమిట్ కమాండ్‌తో కోర్ సైజ్ అన్‌లిమిటెడ్ చేసి ఒక్కసారి రన్ చేస్తే చాలు, ఫైల్ 3 జీబీ ఉంది కదా కోర్ కూడా అంత వస్తుందేమో అని భయం అక్కర్లేదు, ఫైల్ నుంచి మ్యాప్ అయిన పేజీలు డీఫాల్ట్‌గా కోర్‌లోకి రావు. జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ల మీదుగా క్రాష్ దాకా వచ్చిందో ఆ జాబితా) కొట్టి వేరియబుల్స్ ప్రింట్ చేశాం: బ్లాక్ నంబర్ 524288, ఆఫ్‌సెట్ (ఫైల్‌లో చదవాల్సిన చోటు, అంటే బ్లాక్ నంబర్ ఇంటూ 4096) మైనస్ 2147483648. ఆ మైనస్ చూడగానే కుర్రాడి మొహం మారిపోయింది. ఒకటే ఇబ్బంది, ఆప్టిమైజ్ చేసిన (కంపైలర్ వేగం కోసం కోడ్ మార్చేసిన) బిల్డ్ అయితే చాలాసార్లు వేరియబుల్ విలువే కనబడదు, అందుకని డీబగ్ బిల్డ్ ఉంచుకోవాలి.

వాల్‌గ్రైండ్ అంటే ప్రోగ్రామ్‌ని తన కింద నడిపిస్తూ మెమరీ తప్పులు పట్టేది, మంచి టూలే, మళ్ళీ కంపైల్ చేయక్కర్లేదు, ఫ్రీ చేసిన మెమరీ వాడటం, విలువ పెట్టని వేరియబుల్ చదవటం లాంటివి బాగా పట్టేస్తుంది, కానీ ఈ కేసుకి నేను వద్దంటాను. దాని మెమరీ చెకర్ మెమ్‌చెక్‌లో ప్రోగ్రామ్ పదింతల నుంచి ముప్పై ఇంతల దాకా నెమ్మదిస్తుంది, మేం రన్ పెట్టి కిందకి దిగి బీచ్ దగ్గర మురీ మిక్చర్ తినేసి వచ్చినా ఇంకా నడుస్తానే ఉంది, చివరికి చెప్పింది జీడీబీ ఎప్పుడో చెప్పిన లైనే. గుణకారం ఎక్కడ తప్పిందో దానికి తెలీదు.

శానిటైజర్లంటే కంపైల్ చేసేటప్పుడే ప్రోగ్రామ్‌లో చేర్చే చెక్‌లు, వాటి దగ్గర చాలామంది అడ్రస్ శానిటైజర్ పెట్టేసి ఆగిపోతారు, ఇక్కడ అది కూడా సెగ్‌ఫాల్ట్ వచ్చిన చోటే చూపిస్తుంది. కావాల్సింది యూబీసాన్, అంటే సీ రూల్స్ దాటిన లెక్కల్లాంటివి పట్టే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్. ఫ్లాగ్ పెట్టి కంపైల్ చేసి రన్ చేస్తే 524288 ఇంటూ 4096 ఇంట్‌లో పట్టదు అని ఫైల్ పేరు, లైన్ నంబర్‌తో సహా చెప్పేసింది, కారణమే చేతికొచ్చేసింది. కుర్రాడు వెంటనే గుణకారం మొత్తానికి బ్రాకెట్ పెట్టి బయట 64 బిట్ కాస్ట్ (టైప్ మార్పు) వేశాడు, మళ్ళీ అదే క్రాష్! లోపల గుణకారం అప్పటికే పొంగిపోయింది కదా, కాస్ట్ బ్లాక్ నంబర్‌కి వెయ్యాలి, గుణించకముందే.

కాబట్టి పెద్ద ఫైల్ క్రాష్‌కి నా వరస కోర్ డంప్, తర్వాత యూబీసాన్, అవి రెండూ తేల్చకపోతేనే వాల్‌గ్రైండ్. శానిటైజర్ బిల్డ్‌తో మాత్రం స్పీడ్ నంబర్లు తీయకండి, అవి పనికిరావు.

ఇంకోటి, నాకు క్రాష్ కంటే ఎక్కువ భయం దీనికే. ఆ బ్లాక్ నంబర్ అన్‌సైన్డ్ ఇంట్ (మైనస్ విలువలు లేని ఇంట్) అయ్యుంటే క్రాషే రాదు, 4 జీబీ దగ్గర ఆఫ్‌సెట్ సున్నాకి తిరిగొచ్చి ఫైల్ మొదటి భాగాన్నే మళ్ళీ చదువుతుంది, ఆ పేజీలు ర్యామ్‌లో ఉంటే డిస్క్ జోలికే పోకుండా స్పీడ్ బ్రహ్మాండంగా చూపిస్తుంది, మనం ఆ నంబర్ నమ్మి క్లయింట్‌కి పంపేస్తాం. యూబీసాన్ కూడా మామూలుగా దీన్ని పట్టదు, ఎందుకంటే సీ రూల్స్ ప్రకారం అన్‌సైన్డ్ అలా చుట్టు తిరగడం తప్పు కాదు. అందుకే ప్రతి బ్లాక్ మొదట్లో దాని నంబర్ రాసి చదివేటప్పుడు సరిచూసే చెక్ పెట్టాం, దీనికి స్పార్స్ ఫైల్ పనికిరాదు, 5 జీబీ నిజంగా రాయాల్సిందే.