ఓపెన్‌ఏఎఫ్‌ఎస్ ఆరేళ్లు వాడాక: అన్నీ బాగున్నాయి, ఆ సర్వర్ల జాబితా తప్ప

వైట్‌ఫీల్డ్‌లో ఒక పరిశోధన ల్యాబ్‌లో సిస్టమ్స్ పని చూస్తాను. అరవై చిల్లర లైనక్స్ మెషీన్లు, మూడు డేటాబేస్ సర్వర్లు, రెండు ఫైల్ సర్వర్లు. 2019లో నేను చేరేనాటికే ఇక్కడ ఓపెన్‌ఏఎఫ్‌ఎస్ నడుస్తోంది. ఫైళ్లని సర్వర్లలో పెట్టి, ఏ మెషీన్ నుంచైనా నెట్‌వర్క్ మీద వాడుకోనిచ్చే ఫైల్ సిస్టమ్ అది. నాకు ముందున్నాయన పెట్టి, ఒక పేజీ నోట్సు రాసిచ్చి వెళ్లిపోయాడు.

ఈ రోజుల్లో కూడా ఏఎఫ్‌ఎస్ ఏంటి బాబూ అని నవ్వేవాళ్లున్నారు. 1980ల్లో కార్నెగీ మెలన్‌లో ఆండ్రూ ప్రాజెక్టులో పుట్టి, ట్రాన్సార్క్ అనే కంపెనీ చేతికి, అక్కణ్నుంచి ఐబీఎం చేతికి వెళ్లి, 2000లో ఓపెన్ సోర్స్ అయిన సరుకు. వయసు మళ్లిన మాట నిజం. కానీ యూజర్ ఫైలు తెరిచి పని చేసుకుంటుండగానే అతని వాల్యూమ్‌ని (అతని ఫైళ్లన్నీ ఉండే మూట) ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి జరిపేయొచ్చు, అతనికి తెలియను కూడా తెలియదు. ఈ ఒక్క సుఖం కోసమే నేను దీన్ని వదల్లేదు. క్యాషింగ్ (వాడిన ఫైళ్ల కాపీ దగ్గరే ఉంచుకోవడం) గురించి, పర్మిషన్ల గురించి కూడా మంచే చెప్తాను. నా గొడవంతా క్లయింట్‌లో, అంటే యూజర్ మెషీన్లో నడిచే ఏఎఫ్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో, ఉండే సర్వర్ల జాబితాతోనే.

ఆ ఫైలు పేరు సెల్‌సర్వ్‌డీబీ. చూడ్డానికి చాలా అమాయకంగా ఉంటుంది. బాణం గుర్తు పెట్టి సెల్ (ఒక సంస్థ ఏఎఫ్‌ఎస్ సర్వర్లు, మెషీన్లు అన్నీ కలిపి) పేరు, దాని కింద ఒక్కో లైనులో ఒక్కో డేటాబేస్ సర్వర్ ఐపీ, పక్కన హ్యాష్ గుర్తు పెట్టి హోస్ట్ పేరు. ఏ వాల్యూమ్ ఏ ఫైల్ సర్వర్‌లో ఉందో క్లయింట్ అడిగి తెలుసుకునేది ఈ డేటాబేస్ సర్వర్లనే. అంటే ఊళ్లోకి కొత్తగా వచ్చినవాడికి దారి చెప్పే కిరాణా కొట్టు అన్నమాట. కొట్టు వేరే వీధికి మారితే?

మాకు మారింది. డేటాబేస్ సర్వర్లని కింది అంతస్తుకి దించారు, సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో అవి ఉండే భాగం) మారింది, మూడు ఐపీలూ మారాయి. వారానికొక సర్వర్ చొప్పున జరిపాం. సర్వర్ల వైపు కూడా ఇదే పేరుతో ఇంకో సెల్‌సర్వ్‌డీబీ ఉంటుంది. అది వేరే డైరెక్టరీ, దాన్ని బాస్ యాడ్‌హోస్ట్ కమాండ్‌తో మార్చాలి. కొత్తవాళ్లు ఈ రెండింటినీ ఒకటే అనుకుని తికమక పడతారు, నేనూ పడ్డాను. క్లయింట్ల వైపు ఫైలుని స్క్రిప్టుతో అరవై మెషీన్లలోనూ మార్చేశాను. ఒక్కటీ ఫెయిల్ కాలేదు. హాయిగా మారతహళ్లిలో ఆంధ్రా మెస్‌కి వెళ్లి గోంగూర పప్పు తిని పడుకున్నాను.

మూడో సర్వర్ జరిపిన తర్వాతి సోమవారం, నేను ఇంకా రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఉండగానే ఫోను. చేసింది మా జూనియర్, హిందూపురం కుర్రాడు. "అన్నా, హోమ్ డైరెక్టరీ రావట్లేదన్నా. కొందరికి వస్తోంది, కొందరికి లేదు." లాగ్ చదవమన్నాను. సెల్‌లోని వాల్యూమ్ లొకేషన్ సర్వర్‌తో సంబంధం తెగిపోయిందని కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మెసేజ్. అందులో ఉన్నది పాత ఐపీ!

సంగతేంటంటే, క్లయింట్ ఆ ఫైలుని మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చదివి కెర్నెల్ మెమరీలో పెట్టుకుంటుంది. తర్వాత ఫైల్లో మీరేం రాసుకున్నా దానికి పట్టదు. మా మెషీన్లు నెలల తరబడి రీబూట్ అవ్వవు. మొదటి రెండు సర్వర్లు జరిగినప్పుడు మిగిలిన పాతది జవాబిస్తూ ఉంది కాబట్టి బండి నడిచింది. మూడోది కూడా పోయాక ఆగింది. అదీ అందరికీ ఒకేసారి కాదు. ఎవరి మెషీన్ వాల్యూమ్ ఎక్కడుందో ముందే తెలుసుకుని గుర్తుపెట్టుకుందో వాళ్లకి ఇంకాసేపు నడిచింది, ఎందుకంటే ఫైల్ సర్వర్లు కదల్లేదు. అందుకే "కొందరికి వస్తోంది". ఇలాంటి సగం సగం తప్పు పట్టుకోవడం కంటే మొత్తం పడిపోవడమే నయం.

రీబూట్ లేకుండా సరిచేయడానికి ఎఫ్‌ఎస్ న్యూసెల్ అనే కమాండ్ ఉంది. రూట్‌గా (అడ్మిన్ హోదాలో) సెల్ పేరు, సర్వర్లు ఇస్తే కెర్నెల్‌లో జాబితా అప్పటికప్పుడు మారిపోతుంది. ఇక్కడ ఒక మెలిక. పేరు చూస్తే ఉన్నదానికి కలుపుతుందేమో అనిపిస్తుంది. కలపదు, పాతదాన్ని తుడిచేసి మీరిచ్చినదే ఉంచుతుంది. మావాడు తొందరలో తన మెషీన్లో ఒక్క కొత్త సర్వర్ మాత్రమే ఇచ్చాడు. పని జరిగిపోయింది కదా అని వదిలేశాడు. రెండు వారాల తర్వాత ఆ సర్వర్‌ని నేను ప్యాచింగ్ కోసం ఆపితే అతనొక్కడి మెషీనే బిగుసుకుపోయింది. ఇప్పుడు ఎవరు న్యూసెల్ కొట్టినా వెంటనే ఎఫ్‌ఎస్ లిస్ట్‌సెల్స్ కొట్టి, కెర్నెల్‌లో నిజంగా ఏముందో చూడకుండా కుర్చీలోంచి లేవనివ్వను.

అయిపోయిందనుకున్నాం. ఓ వాన రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, మెషీన్లన్నీ రీబూట్ అయ్యాయి. డెబియన్ మెషీన్లు చక్కగా లేచాయి. రెడ్ హ్యాట్ తరహావి మళ్లీ పాత ఐపీలే పట్టుకున్నాయి. ఫైల్ తెరిస్తే నేను రాసింది లేదు! ఆ ప్యాకేజీలో క్లయింట్ మొదలయ్యే ప్రతిసారీ లోకల్, డిస్ట్ అనే రెండు ఫైళ్లని కలిపి అసలు ఫైలుని కొత్తగా రాస్తుంది. మన మార్పులు లోకల్ అనే దాంట్లో రాయాలి. ఇది తెలియక నేను తయారైపోయిన ఫైలుని దిద్దాను. ముగ్గు వేసింది వాకిట్లోనే గానీ, తెల్లారి కళ్ళాపి జల్లుతారని మర్చిపోయాను. పైన ఒక్క హెచ్చరిక లైను రాసి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ని.

ఆ దెబ్బతో డీఎన్ఎస్‌కి (పేరు చెప్తే అడ్రసు చెప్పే నెట్‌వర్క్ డైరెక్టరీ) మారిపోయాం, అసలు ముందే మారాల్సింది. క్లయింట్‌ని ఏఎఫ్‌ఎస్‌డీబీ ఆప్షన్‌తో మొదలుపెడితే సర్వర్ల వివరం డీఎన్ఎస్ రికార్డుల్లోంచి తీసుకుంటుంది. మొదట్లో దీనికోసమే ఒక ప్రత్యేక రికార్డు ఉండేది, 2010 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5864 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) తర్వాత, ఏ సర్వీసు ఏ సర్వర్‌లో ఉందో చెప్పే మామూలు ఎస్ఆర్‌వీ రికార్డు. ఒక్కచోట మారిస్తే చాలు, అరవై మెషీన్ల చుట్టూ ప్రదక్షిణలు అక్కర్లేదు. కాకపోతే ఫైల్లో మీ సెల్ పేరుతో సర్వర్లు రాసి ఉంటే డీఎన్ఎస్‌ని అడగనే అడగదు. మొదటి వారం మాకు అదే జరిగింది. పాత లైన్లు తీసేయకుండా, డీఎన్ఎస్ పనిచేయట్లేదని తల బద్దలుకొట్టుకున్నాం. లైన్లు తీసేసి క్లయింట్లని మళ్లీ మొదలుపెట్టాక ఏడాది పైనే అయింది. మధ్యలో ఇంకో సర్వర్ ఐపీ మార్చాం, ఒక్క ఫోనూ రాలేదు.

కొత్తగా పెట్టేవాళ్లకి నా సలహా అడిగితే, సొంత సెల్‌కి మొదటి రోజు నుంచే డీఎన్ఎస్ పెట్టుకోండి. బయటి సెల్స్ కోసం గ్రాండ్ సెంట్రల్ అనే సైటు వాళ్లు నిర్వహించే జాబితా ప్యాకేజీతో పాటే వస్తుంది, దాని జోలికి పోనక్కర్లేదు. ఫైల్ సిస్టమ్‌కి ఐదులో నాలుగు మార్కులు వేస్తాను. జాబితా వ్యవహారానికి విడిగా వేయమంటే రెండు, అవి కూడా డీఎన్ఎస్ పుణ్యమే.

ఇంకొకటి మిగిలింది. కెర్నెల్‌లోకి ఎక్కిన సెల్‌ని తీసేసే కమాండ్ లేదు, రీబూట్ ఒక్కటే దారి. ఎప్పుడో మూసేసిన ఒక టెస్ట్ సెల్ మా సీనియర్ సైంటిస్ట్ గారి మెషీన్లో ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని ముట్టుకున్నప్పుడల్లా టెర్మినల్ కాసేపు నోరు మూసుకుంటుంది. సార్, ఒక్కసారి రీబూట్ చేద్దామా అని మార్చి నుంచి అడుగుతున్నాను. "సిమ్యులేషన్ నడుస్తోంది బాబూ, వచ్చే వారం చూద్దాం" అంటున్నారు.