మిత్రదేశానికి గ్రాంటా, అప్పా: మన పన్నులకు ఏది మేలు?

ఏటా బడ్జెట్ వెలువడిన సాయంత్రానికే మిత్రులు ఒకే ప్రశ్న వేస్తారు: పొరుగు దేశాలకు గ్రాంటు పేరుతో ఊరికే డబ్బు ఇచ్చే బదులు అప్పుగా ఇవ్వకూడదా? అప్పయితే అసలు తిరిగివస్తుంది, పన్ను కట్టేవారికి భారం ఉండదని వారి లెక్క. నా లెక్క వేరు. ఇచ్చినది తిరిగివస్తుందా అన్నదానికన్నా, ఆ భారం ఎంతో ఇచ్చిన రోజునే తెలుస్తుందా అన్నదే నా దృష్టిలో అసలు కొలమానం.

భూటాన్‌ను చూడండి. 2025-26 బడ్జెట్‌లో విదేశాంగ శాఖ పద్దు కింద ఆ దేశానికి కేటాయించినది 2,150 కోట్ల రూపాయలు. మొత్తం బడ్జెట్ 50.65 లక్షల కోట్లు కాబట్టి, కేంద్రం పెట్టే ప్రతి వంద రూపాయల ఖర్చులో ఇది దాదాపు నాలుగు పైసలు. ఎక్కువో తక్కువో, ఆ అంకె పార్లమెంటు ముందుకు వస్తుంది, ఎవరైనా నిలదీయవచ్చు.

అప్పు సంగతి అలా కాదు. ఎగుమతి, దిగుమతులకు రుణాలిచ్చే ప్రభుత్వ సంస్థ ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఇచ్చే రుణానికి కేంద్రం హామీగా నిలిచి, వడ్డీలో కొంత తానే భరిస్తుంది. అసలు మొత్తం మాత్రం సాయం పద్దులో ఖర్చుగా కనిపించదు. 2022 సంక్షోభంలో శ్రీలంకకు మనం అందించిన దాదాపు 400 కోట్ల డాలర్ల సాయంలో ఇంధనం, ఆహారం, మందుల కొనుగోలుకు ఇచ్చిన రుణాలున్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ అప్పుల చెల్లింపులను నిలిపివేసింది. తరువాత ఇతర రుణదాతలతో పాటు మనమూ గడువులు సవరించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కొలంబో వెళ్లిన ప్రధాని, అంతకు ముందు ఆరు నెలల్లోనే 10 కోట్ల డాలర్లకు పైబడిన రుణాలను గ్రాంటుగా మార్చామని స్వయంగా చెప్పారు. అంటే అప్పు పేరుతో వెళ్లినదే చివరికి గ్రాంటయింది; మొదటే అలా ఇచ్చి ఉంటే దానిపై చర్చయినా ముందే జరిగేది. ఆపదలో ఉన్న పొరుగువారిని ఆదుకోవడం తప్పని నేను అనడం లేదు.

మాల్దీవులకు 2024లో ఇచ్చినట్టి కరెన్సీ మార్పిడి, అంటే వారి కరెన్సీ తీసుకుని కొంతకాలానికి డాలర్లో రూపాయలో ఇచ్చే ఏర్పాటు, మూడో దారి. అది రిజర్వు బ్యాంకు చూసుకునే స్వల్పకాలిక సర్దుబాటు కనుక ఈ పోలికలో దానికి పెద్ద చోటు లేదు.

అప్పు నిజంగా నప్పేది ఒక్కచోటే, వాయిదా కట్టే సొమ్ము పుట్టే దారి ముందే కనిపించే చోట. 2019లో ప్రారంభమైన భూటాన్‌లోని 720 మెగావాట్ల మాంగ్దెచ్చు జలవిద్యుత్ ప్రాజెక్టుకు మనం 30 శాతం గ్రాంటుగా, 70 శాతం అప్పుగా ఇచ్చాం. అక్కడ మిగిలిన కరెంటు కొనేది మనమే, కాబట్టి భూటాన్ కట్టే వాయిదాకు కావలసిన సొమ్ము మన బిల్లు రూపంలోనే అక్కడికి చేరుతుంది.